లక్ష కోట్ల వార్త సరే, మా ల్యాబ్‌కి టిప్స్ ఎప్పుడొస్తాయి?

మైనస్_ఎనభై
2 జూలై 2025, రాత్రి 10:40

నిన్న కేంద్ర క్యాబినెట్ పరిశోధనల పథకానికి లక్ష కోట్లు ఆమోదించిందని పొద్దున పేపర్లో వచ్చింది. ఏడు కొట్టకముందే ఊరి నుంచి అమ్మ ఫోన్. "ఇక నీ స్టైపెండ్ ఆగదు కదే?" అంది. ఏం చెప్పాలో తెలియక, "చూద్దాం అమ్మా" అని పెట్టేశాను.

హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడు చేస్తున్నాను. ఏ ల్యాబ్ అని మాత్రం అడగకండి. ఫెలోషిప్ నెలకి జూనియర్లకి (జేఆర్‌ఎఫ్) 37,000, సీనియర్లకి (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. 2023లో పెంచారు, సంతోషమే. కానీ నా ఖాతాలో చివరిసారి పడింది ఫిబ్రవరిలో. హబ్సిగూడలో ముగ్గురం కలిసి అద్దెకుంటున్నాం. ఓనర్ ఆంటీ లిఫ్ట్‌లో కనబడితే తల వంచుకుని ఫోన్ చూసుకుంటుంది. బాకీ నాది, మొహమాటం ఆవిడది.

ఇక ప్రాజెక్టు డబ్బు. రెండో ఏడాది విడత మార్చి 26 సాయంత్రం వచ్చింది. 31 లోపు ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుంది. నా ప్రయోగానికి కావాల్సిన యాంటీబాడీ అనే ప్రోటీన్ జర్మనీ నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది. మా గైడ్ సార్ ఏం చేస్తారు పాపం, ఊళ్లో దొరికేవి కొన్నారు. గ్లౌజులు, టిష్యూ రోల్స్, ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లు. ఇప్పుడు పెళ్లిలో పంచిపెట్టేటన్ని గ్లౌజులున్నాయి, యాంటీబాడీ లేదు. పిపెట్ టిప్స్, అంటే చుక్కలు కొలిచి తీసే పరికరం కొసకి తగిలించే ప్లాస్టిక్ ముక్కలు, అవీ అయిపోయాయి. వాడినవే కడిగి, ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టి శుద్ధి చేసి, మళ్లీ పెట్టెల్లో సర్దుతున్నాం. పెట్టెకి 96. ఒక్కొక్కటీ చేత్తోనే.

పార్లమెంటు బడ్జెట్ పాస్ చేస్తుంది కదా. మరి ఆ డబ్బు ఎక్కడ ఆగుతోంది?


తార్నాక_టీ
2 జూలై, 11:05

టిప్స్ కడగడం మా కాలంలోనూ ఉండేది చెల్లీ. మేం గ్లౌజులు కూడా ఉతికి ఆరేసేవాళ్లం. ఆ విషయంలో మీ బ్యాచ్ అదృష్టవంతులే :)


నాచారం_మౌల్డింగ్
3 జూలై, ఉదయం 8:12

కోపగించుకోకండి, నాకు తోచింది చెప్తాను. నాది నాచారంలో చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ షాపు. నెలనెలా జీఎస్టీ కడతాను. నా కస్టమర్లు డబ్బు మూడు నెలలు ఆపినా నాకు ఎవరూ ఫెలోషిప్ ఇవ్వరు. ఈగల మీదా ఎలుకల మీదా ఏళ్లకేళ్లు ప్రయోగాలు చేస్తే నాకూ మా వీధిలో వాళ్లకూ ఏం ఒరుగుతుంది? లక్ష కోట్లు ఇచ్చాక కూడా చాలదంటే ఎట్లా?


పద్దుల_బాబాయ్
3 జూలై, 10:30

అమ్మాయీ, నేను సర్కారు లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. నీ ప్రశ్న చిన్నదే గానీ జవాబుకి రెండు పూటలు పడుతుంది. ముందు ఆ లక్ష కోట్ల సంగతి తేల్చేద్దాం. నాచారం గారు కూడా వినాలి.

అది మీ ల్యాబుల కోసం పెట్టింది కాదు. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ పథకం అంటారు. ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలపు అప్పు ఇస్తారు, కొన్నిటిలో వాటా తీసుకుంటారు. అదీ టెక్నాలజీ కొంత పక్వానికి వచ్చాక, వాళ్ల కొలమానంలో నాలుగో మెట్టు చేరాక. నీ యాంటీబాడీ, నీ స్టైపెండ్ మొదటి మెట్టుకి ఇంకా కిందే ఉన్నాయి.

ఈ ఏడాది బడ్జెట్ పుస్తకం తీసి చూడండి. సైన్స్, టెక్నాలజీ శాఖకు 28,508 కోట్లు. పోయిన ఏడాది బడ్జెట్‌లో అదే శాఖకు 8,029 కోట్లు. మూడున్నర రెట్లు పెంచారని టీవీల్లో చెప్పారు. ఇందులో 20,000 కోట్లు ఈ అప్పుల పథకానివే. అవి పక్కన పెట్టండి. మిగిలింది 8,508. అంటే పెరిగింది ఆరు శాతం. ధరలు ఎంత పెరిగాయో తీసేస్తే చేతికి ఏం మిగిలిందో నాచారం గారు నాకంటే బాగా చెప్పగలరు.

అసలు సంగతి సాయంత్రం రాస్తాను. మనవడిని బడి నుంచి తేవాలి.


బాల్టిమోర్_ఉప్పలోడు
3 జూలై, మధ్యాహ్నం 1:50

ఇక్కడ తెల్లవారుజాము నాలుగు దాటింది, నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నా. ఉప్పల్‌లో పెరిగినవాణ్ణి, ఇప్పుడు అమెరికాలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన. ఇక్కడా ఇదే గొడవ. మే నెలలో అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన వచ్చింది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి ఏటా దాదాపు 9 బిలియన్ డాలర్లు ఉండేది, దాన్ని 3.9 చేస్తామన్నారు. ఆరోగ్య పరిశోధనలకి డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్‌కి దాదాపు 40 శాతం కోత. మా అంతస్తులో సగం మంది రెజ్యూమెలు దిద్దుకుంటున్నారు.

కాకపోతే ఒక తేడా ఉంది. ఇక్కడ అధ్యక్షుడి కాగితం కోరిక మాత్రమే. డబ్బు రాసేది కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు. సభ్యులు తగ్గించగలరు, పెంచగలరు కూడా. అందుకే ఫోన్లు చేస్తాం, ఉత్తరాలు రాస్తాం. మనవాళ్లు ఎందుకు చేయరో అర్థం కాదు.


పద్దుల_బాబాయ్
3 జూలై, సాయంత్రం 6:15

ఉప్పల్ అబ్బాయీ, ఎందుకు చేయరో నీ మాటలోనే ఉంది. మన దగ్గర పెంచే అధికారం సభకి లేదు.

రాజ్యాంగం 113వ అధికరణం చూడు. శాఖలవారీగా ఖర్చుల పద్దులు లోక్‌సభ ముందుకొస్తాయి. సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. రూపాయి కూడా పెంచలేదు. కోత తీర్మానాలని మూడు రకాలున్నాయి. విధానం నచ్చకపోతే పద్దుని ఒక్క రూపాయికి తగ్గించమని అడుగుతారు, ఫలానా ఫిర్యాదు చెప్పుకోవాలంటే వంద రూపాయలు తగ్గించమంటారు. సైన్స్ అంటే ప్రాణం పెట్టే ఎంపీ ఎవరైనా ఉన్నా, సైన్స్ గురించి మాట్లాడాలంటే సైన్స్ పద్దులోంచి వంద రూపాయలు కోయమని నోటీసు ఇవ్వాలి! నా సర్వీసులో నాకు బాగా నవ్వొచ్చిన రూల్ ఇదే.

పోనీ చర్చ అయినా జరుగుతుందా అంటే, ఏటా నాలుగైదు శాఖల పద్దులే చర్చకు తీసుకుంటారు. ఆఖరి రోజు సాయంత్రం మిగతావన్నీ కట్టగట్టి ఒకేసారి ఓటుకి పెడతారు. దాన్ని గిలెటిన్ అంటారు. 2018లోనూ 2023లోనూ ఒక్క శాఖ మీద కూడా చర్చ లేకుండా పద్దులన్నీ అలాగే వెళ్లిపోయాయి. ఎంపీల స్థాయీ సంఘం కూర్చుని చదువుతుంది, మంచి నివేదికలే ఇస్తుంది, కానీ అవి సలహాలు మాత్రమే.

మరి బేరం ఎక్కడ జరుగుతుంది? ఢిల్లీలో, అక్టోబర్, నవంబర్ నెలల్లో, తలుపులు వేసుకుని. ఒక పక్క ఆర్థిక మంత్రిత్వ శాఖలోని వ్యయ శాఖ కార్యదర్శి, ఇంకో పక్క మీ శాఖ కార్యదర్శీ ఆర్థిక సలహాదారూ. మీ డైరెక్టర్ ఆ గదిలో ఉండడు. అక్కడ ముందుగా అడిగేది 'వచ్చే ఏడాది ఏం కనిపెడతారు' అని కాదు. 'ఈ ఏడాది సెప్టెంబర్ దాకా ఎంత ఖర్చు పెట్టారు' అని.

ఇప్పుడు నీ మార్చి 26 సంగతికి రా. విడత ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఖర్చు కాలేదు. ఖర్చు కాలేదు కాబట్టి, మీకు అంత అవసరం లేదన్నమాట అని ఏడాది మధ్యలో సవరించిన అంచనాల్లో కోస్తారు. వచ్చే ఏడాది బడ్జెట్‌కి ఆ కోసిన అంకెనే కొలతగా పెట్టుకుంటారు. ఫిబ్రవరి 1న టీవీలో వినేది బడ్జెట్ అంచనా. సవరించిన అంచనా ఎవరూ చదవరు. మరుసటి ఏడాది పుస్తకంలో పక్క గడిలో ఉంటుంది. జాతీయ పరిశోధనా ఫౌండేషన్‌కి 2023-24లో 2,000 కోట్లు అన్నారు. సవరించేసరికి 258 కోట్ల చిల్లర. అందులో న్యాయం లేకపోలేదు. చట్టం ఆగస్టులో పాసైంది, అమల్లోకి వచ్చింది 2024 ఫిబ్రవరి 5న. సంస్థే లేనప్పుడు ఖర్చు ఎవరు చేస్తారు? కానీ హెడ్‌లైన్ మాత్రం 2,000 కోట్ల మీదే వచ్చింది.


మైనస్_ఎనభై
3 జూలై, రాత్రి 9:20

బాబాయ్ గారూ, రెండుసార్లు చదివాను. అయితే మేం మార్చిలో గ్లౌజులు కొనకుండా డబ్బు వెనక్కి ఇచ్చి ఉంటే, అక్టోబర్‌లో మాకు అవసరం లేదని రాసుకునేవాళ్లా?


పద్దుల_బాబాయ్
3 జూలై, 9:34

మీ ఒక్క ల్యాబ్ పేరు ఎవరూ రాయరు. అన్ని ల్యాబులవీ కలిపి మొత్తం అంకె కనబడుతుంది. కానీ జరిగేది అంతే. ఇంకో తమాషా విను. మార్చి నెలలో ఏ శాఖా బడ్జెట్‌లో 15 శాతం మించి, చివరి మూడు నెలల్లో 33 శాతం మించి ఖర్చు చేయకూడదని ఆర్థిక శాఖ నియమం. మార్చిలో హడావిడి ఖర్చులు ఆపడానికి పెట్టారు. ఫలితంగా మార్చిలో మిగిలినవాళ్లకి చిలక్కొట్టుడు విడతలు.

ఇదివరకు గ్రాంటు సంస్థ బ్యాంకు ఖాతాలో పడి ఉండేది, వడ్డీ కూడా పాకేది. ఇప్పుడు జీరో బ్యాలెన్స్ ఖాతాలు. బిల్లు పెడితేనే డబ్బు దిగుతుంది, మార్చి 31 రాత్రి మిగిలింది మురిగిపోతుంది. సర్కారు వైపు నుంచి చూస్తే ఇది మంచి పద్ధతే. పనిలేని డబ్బు మీద సర్కారు ఎందుకు అప్పు తెచ్చుకుని వడ్డీ కట్టాలి? రోడ్డు కాంట్రాక్టుకి సరిపోతుంది. ఆరు వారాల యాంటీబాడీకి సరిపోదు.


తార్నాక_టీ
4 జూలై, ఉదయం 7:45

అందరూ ఢిల్లీని అంటున్నారు గానీ మనవాళ్ల తప్పూ చెప్పుకోవాలి. పాత విడత యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, పంపితేనే కొత్త విడత కదులుతుంది. ఎంతమంది ప్రొఫెసర్లు టైముకి పంపుతారు? నేను పనిచేసిన చోట ఒక మెషీన్ రెండేళ్లు చెక్క పెట్టెలోనే ఉంది, దాన్ని పెట్టే గదికి ఏసీ లేదని. ఏసీ వేరే పద్దు అట. ఆ పెట్టె మీద మేం టిఫిన్ బాక్సులు పెట్టుకునేవాళ్లం. మూత తెరిచేసరికి వారంటీ అయిపోయింది.

@మైనస్_ఎనభై, మీ సార్ యూసీ ఎప్పుడు పంపారో అడిగావా?


మైనస్_ఎనభై
4 జూలై, 8:30

అడిగాను అక్కా. ఏప్రిల్‌లో పంపాల్సింది, జూన్ రెండో వారంలో వెళ్లిందట. ఆడిట్ సంతకం కోసం ఆగిందన్నారు. సార్ మొహం చూస్తే ఇంకేం అడగబుద్ధి కాలేదు.


నాచారం_మౌల్డింగ్
4 జూలై, 9:10

చూశారా. నా దగ్గర ఎవడైనా ఇన్‌వాయిస్ రెండు నెలలు లేటుగా పెడితే నేనూ డబ్బు ఇవ్వను.

అయినా నా మొదటి ప్రశ్నకి జవాబు రాలేదు. ఈగలతో నాకేం పని?


రాజేంద్రనగర్_వరి
4 జూలై, మధ్యాహ్నం 12:20

నాచారం అన్నా, ఈగల సంగతి నాకూ తెలియదు. నాకు తెలిసింది వరి. నీ కంచంలోంచే మొదలుపెడతాను.

బీపీటీ 5204 అంటే సాంబ మసూరి. బాపట్లలో పుట్టింది, 1986లో విడుదలైంది. మన రెండు రాష్ట్రాల్లో దీన్ని తినని ఇల్లు ఉండదు. దానికి పెద్ద జబ్బు బ్యాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు కొసల నుంచి ఎండుకుంటూ కిందికి దిగుతుంది. మందు కొడితే పోయే రకం కాదు. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి దీనికి తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరిది. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. బియ్యం రుచి మారలేదు, గింజ సన్నదనం మారలేదు. జన్యుమార్పిడి పంట కూడా కాదు, సంకరమే. కాకపోతే ఏ మొక్కలో ఏ జన్యువు దిగిందో డీఎన్‌ఏ గుర్తులతో చూసి ఏరారు.

ఏరడం అంటే ఎలా ఉంటుందో చెప్తాను, నేను చేసిన పనే. కత్తెరని బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచి ఆకు కొస కత్తిరిస్తాం. మళ్లీ ముంచి, మళ్లీ కత్తిరిస్తాం. మోకాళ్ల దాకా బురద, నెత్తిన ఎండ. రెండు వారాల తర్వాత స్కేలు పట్టుకుని ప్రతి ఆకు మీదా మచ్చ ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలవాలి. తట్టుకునే మొక్కలో కొస దగ్గరే ఆగిపోతుంది. అలా తరం తర్వాత తరం. ప్రతి తరానికీ ఒక పంటకాలం. నారు పోసే టైముకి డబ్బు రాకపోతే ఆ తరం పోయినట్టే. నెల లేటుగా మొదలుపెడదాం అంటే కుదరదు. వరి ఫైలు కోసం ఆగదు.

ఈ పని ఏ కంపెనీ చేస్తుంది? రైతు పండిన గింజలే మళ్లీ విత్తనంగా దాచుకుంటాడు. కంపెనీకి రెండో ఏడాది అమ్మకం ఉండదు.


నాచారం_మౌల్డింగ్
4 జూలై, 1:05

మా ఇంట్లో తినేది అదే బియ్యం. ఆ కత్తెర కథ నాకు తెలియదు. సరే, ఒప్పుకుంటా.

కానీ ఇంకో మాట. కంపెనీలు ఏం చేస్తున్నాయి మరి? అంతా సర్కారే పెట్టాలా?


జీనోమ్_వ్యాలీ_బస్సు
4 జూలై, రాత్రి 8:40

ఇది నా వంతు. షామీర్‌పేట వైపు ఒక కంపెనీలో పనిచేస్తాను. నాచారం గారు అడిగింది న్యాయమే. 2020-21 లెక్కల్లో దేశం మొత్తం పరిశోధన మీద పెట్టింది సుమారు 1,27,381 కోట్లు, జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా 36 శాతం చిల్లర. చైనా, కొరియా, అమెరికాల్లో ఇది 70 శాతం దాటుతుంది. కేంద్రపు ప్రధాన పరిశోధన సంస్థలు పెట్టిన దాంట్లో 30 శాతానికి పైగా ఒక్క డీఆర్‌డీఓదే, అంటే రక్షణ పరిశోధన సంస్థదే. రాష్ట్రాలన్నీ కలిపి పెట్టింది మొత్తంలో 6.7 శాతం. జీడీపీలో 2 శాతానికి పెంచుతామని 2003 విధానంలోనూ రాశారు, 2013లోనూ రాశారు.

కంపెనీలు ఎందుకు పెట్టవంటే, ఒక కారణం చెప్తాను. కంపెనీ సొంత పరిశోధనకి వంద ఖర్చు పెడితే, పన్ను లెక్కకి రెండు వందలు ఆదాయం నుంచి తీసేసుకోవచ్చని పన్ను చట్టంలో ఉండేది. 2017లో దాన్ని నూట యాభై చేశారు, 2020లో వంద చేశారు. ఆ తర్వాత ఇప్పుడు అప్పుల పథకం. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టినట్టుంది, మధ్యలో అయిదేళ్లు పోయాయి.

ఇంకోటి గుర్తుందా? పోయిన ఏడాది జూలై 23 బడ్జెట్‌లో ల్యాబ్ కెమికల్స్ మీద దిగుమతి సుంకం 10 శాతం నుంచి 150 శాతం చేశారు! ఎవరో ఆ పేరుతో ఇంకేదో తెస్తున్నారని ఆపడానికట. మాకు మరుసటి రోజే సప్లయర్ ఫోన్ చేసి, "సార్, నిన్నటి కొటేషన్ మర్చిపోండి" అన్నాడు. దేశమంతా గోల అయింది. ఆగస్టు 1న పాత 10 శాతానికే తెచ్చారు, ల్యాబ్‌లో వాడకానికే అని షరతు పెట్టి. తొమ్మిది రోజుల ముచ్చట. ఆ తొమ్మిది రోజులూ మా పర్చేజ్ మేనేజర్ బీపీ మాత్ర రెండు పూటలా వేసుకున్నాడు.


బాల్టిమోర్_ఉప్పలోడు
5 జూలై, ఉదయం 6:30

అంటే గోల చేస్తే పని అవుతుందన్నమాట.


పద్దుల_బాబాయ్
5 జూలై, 9:00

అయింది. ఎందుకంటే అది ఒక్క అంకె, ఒక్క రోజు, అందరికీ ఒకేసారి తగిలింది. విడత ఆలస్యం అలా కాదు. ఒక్కో ల్యాబ్‌కి ఒక్కో తేదీన, ఒక్కో కారణంతో వస్తుంది. ఎవరికి వాళ్లు తమ సార్ తప్పే అనుకుంటారు. ఈ గోల ఎవరు చేస్తారు?

పోయిన నెల 5వ తేదీన కూడా ఒక మంచి పని జరిగింది. సైంటిఫిక్ సామాన్లు సర్కారు కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌లోనే కొనాలన్న పట్టుదల సడలించి, డైరెక్టర్లు, వీసీలు బయట కొనుక్కోవచ్చన్నారు. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలు చేశారు. ఇదీ ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చిందే.

అమెరికా పద్ధతి మీద మరీ మోజు వద్దు. పెంచగలిగిన సభ ఆపనూ గలదు. టెక్సాస్‌లో కణాలను ఢీకొట్టించే సూపర్ కొలైడర్ యంత్రం కోసం ఇరవై కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, దాదాపు రెండు బిలియన్ డాలర్లు పోశాక, 1993లో కాంగ్రెస్సే వద్దంది. ఆ సొరంగంలో ఏ కణమూ తిరగలేదు. ఇక సభ, అధ్యక్షుడు కుదుర్చుకోలేకపోతే సర్కారు ఆఫీసులకి తాళాలే. 2018 డిసెంబర్ నుంచి 35 రోజులు మూసేశారు కదా. మన దగ్గర ఆ బాధ లేదు. బడ్జెట్ ఆలస్యమైతే తాత్కాలిక ఖర్చులకి సభ అనుమతిచ్చే ఓట్ ఆన్ అకౌంట్ ఉంది, జీతాలు ఆగవు.


మైనస్_ఎనభై
5 జూలై, 9:12

జీతాలు ఆగవు. స్టైపెండ్ జీతం కాదు కదా బాబాయ్ గారూ.


పద్దుల_బాబాయ్
5 జూలై, 9:40

నిజమే. తప్పు మాట అన్నాను.

ఒక పని చెయ్. 21 నుంచి వర్షాకాల సమావేశాలు. ఎంపీలు లిఖిత జవాబు కోసం ప్రశ్నలు వేస్తారు, లోక్‌సభలో రోజుకి 230 దాకా తీసుకుంటారు. నోటీసుకి 15 రోజుల గడువు కావాలి. చాలామంది ఎంపీల ఆఫీసులకి మంచి ప్రశ్న దొరికితే పండగే. ప్రశ్న రాసి ఇక్కడ పెట్టు, నేను దిద్దుతాను.


మైనస్_ఎనభై
6 జూలై, రాత్రి 11:15

రాశాను. "గత మూడేళ్లలో పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్‌లకు ప్రభుత్వం ఎంత కేటాయించింది? ఆలస్యాన్ని నివారించడానికి ఏ చర్యలు తీసుకుంటోంది?"


పద్దుల_బాబాయ్
7 జూలై, ఉదయం 7:20

ఇలా అడిగితే ఒక పట్టికా, 'ప్రభుత్వం ఎప్పటికప్పుడు చర్యలు తీసుకుంటోంది' అనే వాక్యమూ వస్తాయి. ఆ వాక్యం నేనే ఎన్నోసార్లు డ్రాఫ్ట్ చేశాను, కాబట్టి చెప్తున్నా. ఎంత అని అడక్కు. ఎప్పుడు అని అడుగు.

"గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫెలోషిప్, ప్రాజెక్టు గ్రాంట్ల ప్రతి విడతా ఏ తేదీన మంజూరైంది, ఏ తేదీన విడుదలైంది? మార్చి నెలలో విడుదలైనవి ఎన్ని? అదే మార్చి 31న ఖర్చు కాక వెనక్కి పోయిన మొత్తం సంస్థల వారీగా ఎంత? సవరించిన అంచనాల్లో ఆయా పద్దులు ఎంత తగ్గాయి?"

ఆలస్యం అన్న మాటే వాడకు. తేదీలు వస్తే అదే కనబడుతుంది. సమాచార హక్కు కింద కూడా ఇదే పెట్టు, పది రూపాయలే.


నాచారం_మౌల్డింగ్
7 జూలై, 8:05

మా అసోసియేషన్ వాళ్లం వచ్చే వారం ఎంపీ ఆఫీసుకి కరెంటు సమస్య మీద వెళ్తున్నాం. ఆ కాగితం ప్రింట్ తీసి ఇస్తే మా ఫైల్లో పెట్టి ఇస్తాను. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి. ఒక్క పేజీ దాటకూడదు, దాటితే చదవరు.


మైనస్_ఎనభై
7 జూలై, 8:50

అన్నా, థాంక్స్. మధ్యాహ్నం ఇంగ్లీషు కాపీ కూడా చేసి పెడతాను. మా ల్యాబ్ ప్రింటర్ వాడొచ్చో లేదో గానీ కార్ట్రిడ్జ్‌లకి మాత్రం కొదవ లేదు.

ఆటోక్లేవ్ విజిల్ వేస్తోంది. నాలుగు పెట్టెలున్నాయి, చల్లారాక సర్దాలి. సాయంత్రం వస్తాను.